ఆడిట్‌లో అంతా ఎర్రగా కనిపిస్తే: నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను ఆపకుండా డిపెండెన్సీలు అప్‌డేట్ చేయడం ఎలా

మిర్యాలగూడలో రైస్ మిల్లుకు కాంటా చిట్టీల సాఫ్ట్‌వేర్, బాదేపల్లి మార్కెట్‌లో అడ్తి దుకాణానికి లెక్కల యాప్, వనపర్తిలో ప్రైవేట్ స్కూలుకు ఫీజుల పోర్టల్. ఇట్లాంటివి ఒక్కరో ఇద్దరో కూర్చుని రాసి, ఏళ్ల తరబడి తామే చూసుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నా. పెద్ద కంపెనీల్లో సెక్యూరిటీకి ఒక టీమ్, టెస్టింగ్‌కు ఒక టీమ్ ఉంటాయి. మన దగ్గర ఆ రెండూ మనమే, ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా ఫోన్ మనకే వస్తుంది.

మన సాఫ్ట్‌వేర్ వాడుకునే బయటివాళ్ల ప్యాకేజీలే డిపెండెన్సీలు. నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే దానిలో) వాటిని దించే టూల్ ఎన్‌పీఎం, వాటిలో తెలిసిన సెక్యూరిటీ లోపాలు చూపించే దాని కమాండ్ ఆడిట్. ఎన్‌పీఎం ఆడిట్ కొట్టగానే ఇరవై ముప్పై లోపాలు, అందులో నాలుగైదు క్రిటికల్ అని వస్తే సగం మంది ఆ విండో మూసేసి పని చూసుకుంటారు, మిగతా సగం మంది కింద రాసి ఉన్న సలహా చూసి ఆడిట్ ఫిక్స్‌కు ఫోర్స్ తగిలిస్తారు. రెండోది ఇంకా ప్రమాదం. ఫోర్స్ అంటే మీరు పెట్టుకున్న వెర్షన్ హద్దులు దాటి మేజర్ వెర్షన్లు (వెర్షన్ నంబర్‌లో మొదటి అంకె) మార్చేయమని చెప్పడం, కొన్నిసార్లు లోపం లేని వెర్షన్ కోసం అది వెనక్కి, ఎప్పటిదో పాత వెర్షన్‌కు కూడా తీసుకుపోతుంది. మనం చేయాల్సింది వేరే: ఏ లోపం మన కోడ్‌ను నిజంగా తాకుతుందో తేల్చుకోవాలి, దాన్ని సరిచేసే అతి చిన్న మార్పు చేయాలి, అది చెడిపోతే ఐదు నిమిషాల్లో వెనక్కి రాగలగాలి. ఉదాహరణలన్నీ నోడ్‌లోనే ఇస్తున్నా, పైథాన్, పీహెచ్‌పీ వాళ్లకు చివర్లో కొంచెం ఉంది.

మొదట వెనక్కి వచ్చే దారి

ఏదీ ముట్టుకోకముందే, ఇప్పుడు నడుస్తున్న కోడ్ మొత్తం గిట్‌లో (కోడ్‌లో ప్రతి మార్పునూ దాచే టూల్‌లో) ఉందో లేదో చూడండి. మిల్లు పీసీలో ఎప్పుడో అర్జెంటుగా నేరుగా మార్చిన రెండు లైన్లు గిట్‌లోకి రాకుండా అక్కడే ఉండిపోవడం చాలా మామూలు విషయం, కాబట్టి అక్కడి ఫోల్డర్‌ను, మీ దగ్గరున్న దాన్ని పోల్చి చూడాల్సిందే. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ దిగిందో రాసి ఉండే ప్యాకేజ్ లాక్ ఫైల్ కూడా గిట్‌లో ఉండాలి. కొందరు దాన్ని ఇగ్నోర్ లిస్టులో పెడతారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ఫైల్ లేకపోతే మీ లాప్‌టాప్‌లో ఉన్న వెర్షన్లు ఒకటి, సర్వర్‌లో ఉన్నవి ఇంకొకటి, ఏది చెడిందో చెప్పే ఆధారమే ఉండదు.

తర్వాత వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి గిట్ నుంచి క్లోన్ చేసి, ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ కొట్టండి. సీఐ అయితే లాక్ ఫైల్‌లో ఉన్న వెర్షన్లనే ఉన్నదున్నట్టు దించుతుంది, మీకు కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ జేసన్‌తో పొసగకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇట్లా దించిన కాపీ నడవకపోతే ఇవాళ్టికి అప్‌డేట్ సంగతి పక్కన పెట్టండి. ముందు ఉన్నదాన్ని తిరిగి కట్టుకోగలగాలి. డేటాబేస్ డంప్ కూడా తీయండి, తీసి ఊరుకోకుండా ఇంకో డేటాబేస్‌లోకి ఎక్కించి నిన్నటి చిట్టీలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను నమ్ముకుని పని మొదలుపెట్టొద్దు.

ఏది పనిచేయాలో కాగితం మీద రాసుకోండి

ఆటోమేటిక్ టెస్టులు ఉంటే సంతోషం. చాలా చిన్న ప్రాజెక్టుల్లో ఉండవు, కాబట్టి ఒక అర పేజీ లిస్టు రాసుకుంటే చాలు. మీకు తోచింది రాయకండి, కాంటా గదిలో కూర్చునే గుమాస్తాను అడిగి రాయండి. మిల్లు సాఫ్ట్‌వేర్ అయితే అది దాదాపు ఇట్లా ఉంటుంది: లాగిన్ కావాలి, బండి కాంటా ఎక్కగానే బరువు స్క్రీన్ మీదికి రావాలి, ఖాళీ బండి బరువు తీసేసి నికర తూకం సరిగ్గా రావాలి, తేమ కటింగ్ లెక్క సరిపోవాలి, చిట్టీ ప్రింట్ కావాలి, లారీ ఫొటో అప్‌లోడ్ కావాలి, సాయంత్రం ఎక్సెల్ రిపోర్టులో మొత్తం క్వింటాళ్లు చిట్టీల మొత్తంతో కలవాలి.

ఇందులో మన దగ్గర తప్పకుండా చూడాల్సింది ఒకటుంది, ఇంగ్లిష్ గైడ్లలో ఎక్కడా కనిపించదు. ప్రింట్ తీసే చిట్టీలో తెలుగు పేర్లు. పీడీఎఫ్ లైబ్రరీ గానీ ఫాంటు గానీ మారితే ఇంగ్లిష్ బాగానే వస్తుంది, అంకెలు బాగానే వస్తాయి, ఒత్తులు మాత్రం పక్కకు జరిగి విడివిడిగా పడతాయి, లేకపోతే అక్షరాల చోట డబ్బాలు వస్తాయి. టెస్టు కోసం 'రవి' అని పెట్టి చూస్తే ఏమీ తెలియదు. 'లక్ష్మయ్య', 'సత్తయ్య', 'కృష్ణమూర్తి' లాంటి పేర్లు పెట్టి, అప్‌డేట్‌కు ముందు ఒక చిట్టీ, తర్వాత ఒక చిట్టీ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టండి. స్క్రీన్ మీద చూసి సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే బ్రౌజర్ చూపించే దారి వేరు, పీడీఎఫ్ తయారయ్యే దారి వేరు.

ఆడిట్ రిపోర్టును చదవడం

ఇప్పుడు ఆడిట్. మొదట ఒమిట్ డెవ్ ఆప్షన్‌తో నడపండి. కోడ్ రాసేటప్పుడు మాత్రమే వాడే బండ్లర్లు, లింటర్లు పక్కకు పోయి, నిజంగా సర్వర్ మీద నడిచేవి మిగులుతాయి. చాలాసార్లు ముప్పై కాస్తా ఆరేడుకు దిగుతుంది. డెవ్ టూల్స్‌లోని లోపాలను అసలు పట్టించుకోవద్దని నేను అనడం లేదు, మీ లాప్‌టాప్‌లో కూడా పాస్‌వర్డులు ఉంటాయి కదా. కాకపోతే వాటిని నిదానంగా చూసుకోవచ్చు.

మిగిలిన ప్రతి దాని అడ్వైజరీ (ఆ లోపం గురించిన ప్రకటన) తెరిచి చదవండి. రెండు పేరాలే ఉంటుంది. అందులో ఏ ఫంక్షన్ దగ్గర సమస్య, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ దాకా, ఏ వెర్షన్‌లో సరిచేశారు అన్నవి చూడాలి. రెండు నిజమైన ఉదాహరణలు తీసుకుందాం.

మొదటిది మల్టర్. నోడ్‌లో వెబ్ యాప్‌లు రాసే ఎక్స్‌ప్రెస్‌లో ఫైల్ అప్‌లోడ్‌కు అందరూ వాడేదే. దీని 1.x వెర్షన్లలో, తప్పుల తడకగా తయారు చేసిన అప్‌లోడ్ రిక్వెస్ట్ పంపితే సర్వర్ కుప్పకూలే లోపాలు బయటపడ్డాయి, 2025లో వచ్చిన 2.0.0తో సరిచేశారు. అక్కడితో ఆగలేదు, అదే రకం లోపాలు ఇంకా దొరికి 2.0.1, 2.0.2 కూడా వచ్చాయి. మీ యాప్‌లో లారీ ఫొటో అప్‌లోడ్ ఉంది, ఆ యాప్ ఇంటర్నెట్ మీద ఉంది అంటే ఇది మిమ్మల్ని నేరుగా తాకుతుంది. ఎవడో దూరంగా కూర్చుని ఒక్క రిక్వెస్ట్‌తో మీ సర్వర్‌ను పడేయగలడు. ఇది ఇవాళే చేయాల్సిన పని.

రెండోది ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, అంటే షీట్‌జేఎస్ వాళ్ల ప్యాకేజీ. ఎక్సెల్ రిపోర్టు ఇచ్చే ప్రతి యాప్‌లో దాదాపు ఇదే కనిపిస్తుంది. ఆడిట్‌లో దీని పక్కన హై అని, కింద ఫిక్స్ అందుబాటులో లేదు అని వస్తుంది. చూసి చాలామంది చేతులెత్తేస్తారు. అసలు విషయం ఏమిటంటే, ఫిక్స్ ఉంది, ఎన్‌పీఎంలో లేదు. వాళ్లు ఎన్‌పీఎంలో 0.18.5 దగ్గరే ఆపేసి, ఆ తర్వాతి వెర్షన్లు తమ సొంత సర్వర్ నుంచే ఇస్తున్నారు. ప్రోటోటైప్ పొల్యూషన్ లోపాన్ని (బయటి డేటా ప్రోగ్రాం లోపలి ఆబ్జెక్టులను మార్చేయడం) 0.19.3లో, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో సర్వర్‌ను బిగుసుకుపోయేలా చేసే ఇంకో లోపాన్ని 0.20.2లో సరిచేశారు. ప్యాకేజ్ జేసన్‌లో వెర్షన్ నంబర్ బదులు వాళ్ల సైట్‌లో ఇచ్చిన లింక్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఆ ప్రోటోటైప్ పొల్యూషన్ లోపం అడ్వైజరీలోనే ఇంకో మాట ఉంది: బయటి నుంచి వచ్చిన ఫైళ్లను చదివేటప్పుడే సమస్య, ఎక్సెల్ ఫైల్ తయారుచేసి ఇచ్చే పనికి ఇబ్బంది లేదు. మిల్లు యాప్ సాయంత్రం రిపోర్టు రాసి ఇస్తుంది అంతే, కాబట్టి అది ఆదివారం దాకా ఆగొచ్చు. వనపర్తి స్కూలు పోర్టల్‌లో మాత్రం టీచర్లు విద్యార్థుల జాబితాను ఎక్సెల్‌లో అప్‌లోడ్ చేస్తారు, అక్కడ ఆగడానికి లేదు. ప్యాకేజీ ఒకటే, రంగు ఒకటే, తొందర మాత్రం వేరు. ఈ తేడా ఆడిట్ చెప్పదు, మీరే చెప్పుకోవాలి.

ఇంకొక్కటి చూడాలి. అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా నడిపే కేఈవీ జాబితాలో మీ లోపం సీవీఈ నంబర్ (ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు నంబర్) ఉందా? ఉంటే దాన్ని వాడుకుని ఇప్పటికే దాడులు జరుగుతున్నట్టు, తీవ్రత స్కోరు ఎంతున్నా ముందు దాన్నే పట్టుకోండి. అమెరికా క్రెడిట్ రిపోర్టుల కంపెనీ ఈక్విఫాక్స్ సంగతి తెలిసిందే కదా: వాళ్లు వాడిన జావా ప్యాకేజీ అపాచీ స్ట్రట్స్ లోపానికి 2017 మార్చిలోనే ప్యాచ్ వచ్చింది, వాళ్లు వేయలేదు, మే నెలలో దొంగలు దూరారు, 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి.

చిన్న అడుగు, ఒక్కో అడుగు

ప్యాకేజ్ జేసన్‌లో వెర్షన్ ముందున్న గుర్తుల అర్థం తెలియకుండా అప్‌డేట్ చేయడం చీకట్లో చేయి పెట్టడమే. ^4.17.1 అంటే 5.0.0 లోపు ఏదైనా సరే, ~4.17.1 అంటే 4.18.0 లోపు మాత్రమే. సున్నాతో మొదలైతే లెక్క మారుతుంది, ^0.18.5 అంటే 0.19.0 లోపే. ఆ హద్దు లోపలే ఫిక్స్ ఉంటే మీ అదృష్టం, ఫోర్స్ లేని ఆడిట్ ఫిక్స్ దాన్ని తెచ్చేస్తుంది. అయినా నేను అది కూడా గంపగుత్తగా కొట్టను, ప్యాకేజీ పేరు ఇచ్చి ఒక్కొక్కటే అప్‌డేట్ చేస్తా. సాగర్ ఎడమ కాల్వ మీద తూములన్నీ ఒకేసారి ఎత్తితే ఏ గట్టు ఎక్కడ తెగిందో వెతుక్కోవాల్సి వస్తుంది, ఇదీ అంతే. ఒక ప్యాకేజీ, ఒక టెస్టు, ఒక కమిట్. తర్వాత వారానికి ఏదైనా తేడా కనిపిస్తే గిట్ బైసెక్ట్ పెట్టి ఏ కమిట్‌తో వచ్చిందో ఇట్టే పట్టుకోవచ్చు.

లోపం ఉన్న ప్యాకేజీని మీరు నేరుగా పెట్టుకోకపోవచ్చు, మీరు పెట్టుకున్నదాని కింద ఇంకొకటి, దాని కింద ఇది ఉండొచ్చు. ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్ పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే అది ఎవరి వెనక వచ్చిందో చూపిస్తుంది. ముందు ఆ పేరుతోనే ఎన్‌పీఎం అప్‌డేట్ కొట్టి చూడండి, హద్దు లోపల ఉంటే మారిపోతుంది. మారకపోతే పైనున్న ప్యాకేజీకి కొత్త వెర్షన్ వచ్చిందేమో చూసి దాన్ని పెంచండి. అదీ లేకపోతేనే, చివరి అస్త్రంగా, ప్యాకేజ్ జేసన్‌లో ఓవర్‌రైడ్స్ అని రాసి లోపలి దాన్ని బలవంతంగా మార్చాలి. ఎన్‌పీఎం బదులు యార్న్ వాడేవాళ్లకు ఇదే పని రిజల్యూషన్స్ చేస్తుంది. ఓవర్‌రైడ్ రాసిన రోజే దాన్ని ఎందుకు రాశారో, ఎప్పుడు తీసేయొచ్చో కమిట్ మెసేజ్‌లో రాయండి, ఎందుకంటే జేసన్‌లో కామెంట్ రాసే వీలు లేదు, ఏడాది తర్వాత దాన్ని చూసి ఎవరు పెట్టారురా ఇది అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు.

మొదటి ఫిక్స్ వెర్షన్ దగ్గరే ఆగిపోవద్దు. మల్టర్‌లో జరిగిందే 2021 డిసెంబర్‌లో లాగ్4జే (జావా లాగింగ్ ప్యాకేజీ) విషయంలోనూ జరిగింది: 2.15.0తో అయిపోయిందనుకుంటే అది పూర్తిగా సరిచేయలేదని తేలింది, 2.16.0 వచ్చింది, మళ్లీ 2.17.0, ఆపైన 2.17.1. కాబట్టి వారం తర్వాత అదే పేరును ఇంకోసారి ఆడిట్ చేయండి.

మేజర్ వెర్షన్ మార్చక తప్పనప్పుడు

ఇక్కడే పనులు ఆగేది. చేంజ్‌లాగ్ (ఏ వెర్షన్‌లో ఏం మారిందో రాసిన జాబితా) చదవండి, అందులో బ్రేకింగ్ (పాత కోడ్ చెడిపోయే మార్పు) అన్న మాట దగ్గర ఆగి, ఆ ఫంక్షన్ పేరు మీ కోడ్‌లో ఎక్కడెక్కడుందో వెతకండి. మల్టర్ 2 విషయంలో పని తేలిక, ముఖ్యంగా అది అడిగేది నోడ్ 10.16 లేదా ఆపైది ఉండాలని. అన్నీ అంత తేలిక కావు.

కాంటా ఇండికేటర్ నుంచి బరువు చదివే సీరియల్‌పోర్ట్ లైబ్రరీ తీసుకోండి. నోడ్ 18కు 2025 ఏప్రిల్‌తోనే సపోర్ట్ అయిపోయింది, ఇంకా పాత దాని మీద ఉన్నవాళ్లు నోడ్ మారుస్తూ దీన్ని కూడా మార్చాల్సి వస్తుంది. పాత పద్ధతిలో మొదట పోర్టు పేరు, తర్వాత సెట్టింగులు విడిగా ఇచ్చేవాళ్లం. 10వ వెర్షన్ నుంచి పోర్టు పేరు కూడా పాత్ అనే పేరుతో ఆ సెట్టింగుల లోపలే ఇవ్వాలి, లైబ్రరీని ఇంపోర్ట్ చేసుకునే తీరు కూడా మారింది. మీ లాప్‌టాప్‌కు ఇండికేటర్ లేదు కాబట్టి ఆ కోడ్ దాకా ప్రోగ్రాం పోదు, అంతా పచ్చగా కనిపిస్తుంది. మిల్లులో పెట్టాక గుమాస్తా ఫోన్ చేస్తాడు: "అన్నా, బరువు సున్నానే చూపిస్తుంది, బండ్లన్నీ ఆగినయ్." అందుకే అదే లైబ్రరీ వాళ్లిచ్చే మాక్ బైండింగ్ (అసలు పోర్టుకు బదులు ఉత్తుత్తి పోర్టు) పెట్టుకుని, అసలు ఇండికేటర్ నుంచి ముందే రికార్డు చేసుకున్న నాలుగు లైన్లను దానిలోకి పంపి, బరువు సరిగ్గా విడదీస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. సగం లైన్ ఇప్పుడు, మిగతా సగం తర్వాత వచ్చినట్టు కూడా పంపి చూడండి, నిజమైన కేబుల్ మీద అట్లాగే వస్తుంది.

అన్నట్టు కాంటా గదిలో విండోస్ 7 పీసీ ఉంటే నోడ్ 14 నుంచి పైవాటికి దాని మీద సపోర్ట్ లేదు. అక్కడ ప్యాకేజీలతో కుస్తీ పట్టడం కన్నా సేటుతో పీసీ గురించి మాట్లాడటమే మేలు.

కొత్తది రాగానే ఎగబడొద్దు

ఇది పైన చెప్పిన దానికి ఎదురుగా కనిపిస్తుంది గానీ కాదు. 2025 సెప్టెంబర్‌లో చాక్, డీబగ్ లాంటి బాగా వాడే ప్యాకేజీలు చూసుకునే వ్యక్తి అకౌంట్‌ను నకిలీ మెయిల్‌తో కొట్టేసి, క్రిప్టో డబ్బు దోచే కోడ్ కలిపిన వెర్షన్లు ఎన్‌పీఎంలోకి ఎక్కించారు. కొన్ని గంటల్లోనే పట్టుకుని తీసేశారు. ఆ కొన్ని గంటల్లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టినవాళ్ల సంగతే టెన్షన్. కాబట్టి సెక్యూరిటీ ఫిక్స్ అయితే అడ్వైజరీ చదివి వెంటనే వేయండి, మామూలు అప్‌డేట్ అయితే వారం రోజులు పాతబడనివ్వండి. ఎన్‌పీఎం బదులు వాడే పీఎన్‌పీఎంలో, అప్‌డేట్లను తానే ప్రతిపాదించే రెనోవేట్‌లో ఇంత వయసు దాటని వెర్షన్ ముట్టుకోవద్దని సెట్టింగ్ పెట్టొచ్చు, రెనోవేట్ లాంటిదే అయిన డిపెండబాట్‌లో కూల్‌డౌన్ అని ఉంటుంది. సర్వర్ మీద మాత్రం ఎప్పుడూ ఎన్‌పీఎం సీఐ మాత్రమే.

ఎక్కించే రోజు

వానాకాలం వడ్లు వచ్చే అక్టోబర్, నవంబర్‌లో, యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మేలో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు రోడ్డు మీది దాకా బారులు కడతాయి. అప్పుడు కాంటా రాత్రి కూడా ఆగదు. ఆ రోజుల్లో మేజర్ వెర్షన్ల జోలికి పోవద్దు, వాటిని సెప్టెంబర్ లోపు, లేకపోతే ఫిబ్రవరిలో ముగించుకోండి. సీజన్ మధ్యలో మల్టర్ లాంటిది బయటపడితే? అప్పుడు అప్‌లోడ్ పేజీని ఆపేయండి, లేదా ఆ యాప్ బయటి ఇంటర్నెట్‌కు కనిపించకుండా మిల్లు నెట్‌వర్క్‌కే పరిమితం చేయండి. గుమాస్తా రెండు రోజులు లారీ ఫొటో ఫోన్‌లో దాచుకుంటాడు, చిట్టీ ఆగదు. మీకు ప్రశాంతంగా టెస్టు చేసుకునే టైమ్ దొరుకుతుంది.

ఎక్కించేటప్పుడు పాత ఫోల్డర్‌ను తీసేయకుండా పక్కనే కొత్త ఫోల్డర్ పెట్టి, సర్వీస్‌ను దానివైపు తిప్పండి. చెడితే మళ్లీ పాతదానివైపు తిప్పడమే. ఒక్క చిక్కు డేటాబేస్‌తోనే: కొత్త వెర్షన్ టేబుళ్ల రూపం మార్చేస్తే పాత కోడ్ వాటి మీద నడవకపోవచ్చు. అట్లాంటి మార్పు ఉంటే దాన్ని డిపెండెన్సీ అప్‌డేట్‌తో కలపకుండా ఇంకో రోజు చేయండి. పెట్టిన తర్వాత కనీసం పది బండ్లు కాంటా దిగేదాకా అక్కడే కూర్చోండి, చాయ్ ఎట్లాగూ వస్తుంది.

లాగ్స్ చూస్తుంటే అప్పటికే ఎవరో లోపలికి వచ్చిన జాడ కనిపిస్తే అప్‌డేట్‌తో అయిపోదు. పాస్‌వర్డులు, కీలు అన్నీ మార్చాలి, 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం విషయం తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి.

పైథాన్, పీహెచ్‌పీ వాళ్లకు

పద్ధతి అదే, కమాండ్లే వేరు. పైథాన్‌లో పిప్-ఆడిట్ లోపాలు చూపిస్తుంది, పిప్ చెక్ ఒకదానికొకటి పొసగని వెర్షన్లు చూపిస్తుంది. రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో ప్రతి దానికీ == పెట్టి వెర్షన్ బిగించండి, పిప్-టూల్స్ వాడితే లోపలి ప్యాకేజీలు కూడా బిగుసుకుంటాయి. పీహెచ్‌పీలో లోపాలు చూపించే కంపోజర్ ఆడిట్, ఏ ప్యాకేజీ ఎవరి వెనక వచ్చిందో చూపించే కంపోజర్ వై ఉన్నాయి. కంపోజర్ అప్‌డేట్‌ను ఎప్పుడూ ఉత్తగా కొట్టొద్దు, ప్యాకేజీ పేరు ఇచ్చి, విత్ డిపెండెన్సీస్ అని తగిలించి కొట్టండి. పీహెచ్‌పీ 7.4కు 2022 నవంబర్‌లోనే సపోర్ట్ ముగిసింది, ఇంకా దాని మీద ఉంటే పైన చెప్పిన మేజర్ వెర్షన్ పని మీ కోసం కాచుకుని ఉంది.

ఇదంతా ఫ్రీగా చేయొద్దు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) రాసుకునేటప్పుడే నెలకోసారి ఆడిట్, సీజన్‌కు ముందు ఒకసారి పెద్ద అప్‌డేట్ అని విడిగా ఒక లైన్ పెట్టండి. "మంచిగనే నడుస్తుంది గదా, మళ్ల పైసలెందుకు?" అని సేటు తప్పకుండా అడుగుతాడు. అప్పుడు సీవీఈ నంబర్లు చెప్పకండి. "సేటూ, ఈ లోపం ఇట్లనే ఉంటే బయటోడు ఎవడైనా మన సాఫ్ట్‌వేర్ ఆపొచ్చు, సీజన్‌ల ఒక పూట చిట్టీలు ఆగితే ఎంత పోతది?" అని అడిగి, లెక్క ఆయన్నే వేసుకోనివ్వండి.